రిమార్కుల గడి

మా అక్క లాప్‌టాప్‌లో ఒక ఖడ్గమృగం ఉంది. దాని వీపు మీద ఒక మిడత ఉంటుంది. మిడతకు తోడు ఒక అక్షింతల పురుగు, ఒక తేనెటీగ, ఒక కంగారూ. అన్నీ కలిసి ఇళ్లు కడతాయి. ఈ మాట మొదటిసారి విన్నప్పుడు మా బాపమ్మ, "ఇన్ని పైసలు పోసి మీ బాపు దీన్ని జంతువుల బళ్లె ఏసిండా?" అని అడిగింది.

నవ్వకండి, అవి నిజంగానే ఆ సాఫ్ట్‌వేర్ల పేర్లు. రైనో అనే ప్రోగ్రాం లోపల గ్రాస్‌హాపర్ అని ఇంకొకటి నడుస్తుంది, 2007లో డేవిడ్ రట్టన్ అనే ఆయన చేసింది. గ్రాస్‌హాపర్ లోపల లేడీబగ్, హనీబీ, కంగారూ నడుస్తాయి. లేడీబగ్ ఎండ లెక్క చెబుతుంది, ఏ నెలలో ఏ గంటకు ఏ గోడ మీద ఎంత ఎండ పడుతుందో రంగులేసి చూపిస్తుంది. కంగారూ బరువుల లెక్క చూస్తుంది. ఇది కాక గాలాపాగోస్ అని ఒకటుంది. దాని సంగతి తర్వాత చెబుతాను, మా ఇంట్లో గొడవ దానివల్లే వచ్చింది.

అక్క పుణెలో ఆర్కిటెక్చర్ చదువుతున్నది. అది ఐదేళ్ల కోర్సు. ఇప్పుడు ఆఖరి ఏడు. తను చేసే పనిని కంప్యూటేషనల్ డిజైన్ అంటారట. నాకు అర్థమైనంత వరకు చెబుతాను, తప్పుంటే అక్కదే తప్పు, ఆమే చెప్పింది. మామూలుగా ఇంటి ప్లాన్ అంటే గీతలు గీస్తారు కదా. అక్క గీతలు గీయదు, వరసలు కలుపుతుంది. కిటికీ వెడల్పు గోడ పొడుగులో మూడో వంతు ఉండాలి అని ఒక తీగ కలుపుతుంది. తర్వాత గోడ పెంచితే కిటికీ తనంతట తనే పెరుగుతుంది. కిటికీ పెరిగితే దాని మీద నీడకు వేసిన చూరు పెరుగుతుంది. పెళ్లి పత్రికలో పెళ్లికొడుకు పేరు మారిస్తే కింద బంధుమిత్రుల వరస మొత్తం మారిపోయినట్టు.

నేను దీన్ని చూసి నోరు తెరిచాను కానీ మా బాపు తెరవలేదు. స్క్రీన్ వంక కొంచెంసేపు చూసి, "ఇది జకాట్ గదా" అన్నాడు.

మీలో చాలామంది ఇళ్లలో మగ్గాలు ఉండేవి కాబట్టి విడిగా చెప్పక్కర్లేదు. మా తాత చాదర్ల కార్ఖానాలో జకాట్ అట్టలు కొట్టేవాడు. పువ్వు ఎక్కడ రావాలో గళ్ల కాగితం మీద చూసుకుని అట్టకు చిల్లులు పెట్టడం ఆయన పని. అట్టలో చిల్లు ఉన్నచోట సూది దూరిపోతుంది, దాని కొక్కెం పైకి లేస్తుంది, దారం లేస్తుంది. చిల్లు లేనిచోట సూది వెనక్కి తగ్గుతుంది, దారం లేవదు. ఉన్నది, లేనిది, అంతే. ఆ రెండింటితోనే నెమలి వస్తుంది, గులాబీ వస్తుంది. 1804లో ఫ్రాన్స్‌లో జాకార్డ్ చేసిన యంత్రం అది. బాబేజ్ తన లెక్కల యంత్రానికి చిల్లుల అట్టలు వాడదామనుకున్నది దీన్ని చూసే. 24,000 అట్టలతో నేసిన జాకార్డ్ పట్టు బొమ్మ ఒకటి ఆయన దగ్గర ఉండేదట. అక్కకు ఇదంతా కాలేజీలో చెప్పారు. తాత అట్టల కట్ట మాత్రం మా అటక మీద దారంతో కట్టి ఉంది, నాలుగేళ్లలో ఆమె ఒక్కసారీ దించలేదు. ఆ రోజు దించింది. దుమ్ముకు ఇద్దరం తుమ్ముతూ కూర్చున్నాం. మగ్గాలైతే ఇప్పుడు లేవు. నాలుగుండేవి. ఆఖరిది అక్క మొదటి ఏడు ఫీజుకు పోయింది.

ఇక మా ఇల్లు. దాని గురించి చెప్పకపోతే కథ లేదు.

మా ఇంట్లో రెండు గదులే లెక్క. ముందుది మగ్గాల గది, పైన పత్రా. వెనకది పాత మాళవద్ గది. మరాఠీలో మాళవద్ అంటాం, బాపమ్మ మిద్దె అంటుంది. వాళ్ల పెద్దవాళ్లు తెలంగాణ నుంచి ఇక్కడికి నేతపనికి వచ్చేటప్పటికే అక్కడా మిద్దెలు, ఇక్కడా మిద్దెలు, పేరొక్కటే వేరు. టేకు దూలాలు, వాటి మీద దంతెలు, దంతెల మీద పలకలు, పలకల మీద వేపాకు, ఆపైన జానెడు మందం మట్టి. అన్నిటికన్నా పైన తెల్లమట్టి. దాన్ని ఇక్కడ పాంఢరీ మాతీ అంటారు, బాపమ్మ చవుడు అంటుంది. నీళ్లు పడితే అది బిగుసుకుని లోపలికి దిగనివ్వదు. ప్రతి ఏడూ వానలకు ముందు ఇంకో పొర వేయాలి. గోడలు రాయీ మట్టీ, రెండడుగుల మందం. నేను చిన్నప్పుడు ఆ గోడలో ఉన్న గూట్లో కూర్చుని చదువుకునేదాన్ని.

కిందటేడు మేలో అక్క పుణె నుంచి ఫోన్ చేసింది. రాబోయే సెమిస్టర్‌లో డిజైన్ కోసం ఒక నిజమైన ఇల్లు తీసుకోవాలి, మన ఇల్లే తీసుకుంటున్నాను, నాకు టెంపరేచర్లు కావాలి అన్నది. మూడు చిన్న డిజిటల్ థర్మామీటర్లు కొరియర్‌లో వచ్చాయి. ఒకటి పత్రా గదిలో, ఒకటి మాళవద్ గదిలో, ఒకటి బయట వేపచెట్టు నీడలో. పొద్దున ఆరు నుంచి రాత్రి పది దాకా రెండు గంటలకోసారి చూసి రాయాలి. పది రోజులు. మళ్లీ తెల్లారుజామున నాలుగింటికి ఒకసారి. ఆ నాలుగింటి మాట ఫోన్ చివర్న మెల్లగా చెప్పింది.

నేను అప్పుడు పన్నెండో తరగతి రాసి ఖాళీగా ఉన్నాను. ఖాళీగా అంటే నిజానికి ఖాళీ కాదు. ఏం చదవాలి అన్నది ఇంట్లో రోజూ నడుస్తోంది. నాకూ ఏదో పెద్ద కోర్సు చదవాలని ఉండేది. ఏదని అడిగితే చెప్పలేకపోయేదాన్ని, అది వేరే సంగతి. బాపు ఒకసారి అన్నంలో చెయ్యి పెట్టుకుని, నా వైపు చూడకుండా అన్నాడు: "ఇంట్ల ఒక్క పెద్ద ఫీజే పడ్తది బిడ్డా." కోపంగా అనలేదు. కోపంగా అంటే నేను తిరిగి ఏమన్నా అనేదాన్ని.

కాబట్టి ఆ పది రోజులు నేను అక్క కోసం థర్మామీటర్ చూశాను. చూసి రెండొందల పేజీల నోటుబుక్‌లో ఐదు గళ్లు గీసి రాశాను. టైము, పత్రా, మాళవద్, బయట, రిమార్కులు. రిమార్కుల గడి అక్క అడగలేదు, పేజీలో చోటు మిగిలిందని నేనే గీశాను. రాసింది తెలుగులో. నేను నాలుగో తరగతి దాకా తెలుగు మీడియం, అక్కను మొదటి నుంచీ మరాఠీ బళ్లో వేసి తర్వాత ఇంగ్లీషుకు మార్చారు. అక్కకు తెలుగు మాట్లాడ్డం వస్తుంది, చదవడం రాదు. మేమిద్దరం మాట్లాడుకునేది మరాఠీలో, బాపమ్మతో అమ్మతో తెలుగులో. ఆ పుస్తకం మరాఠీలో రాయొచ్చు, నాకు బాగానే వస్తుంది. తెలుగులో ఎందుకు రాశానంటే, కొంచెం కావాలనే రాశాను. ఇక్కడ అబద్ధం ఎందుకు.

అంకెలు చెబుతాను. ఒక రోజు మధ్యాహ్నం మూడింటికి బయట 42, పత్రా గదిలో 44, మాళవద్‌లో 34. అదే రోజు తెల్లారి నాలుగింటికి బయట 27, పత్రా గదిలో 28, మాళవద్‌లో 32. చూశారా, ఈ రెండోదే నాకు ఆశ్చర్యం. మేమంతా మాళవద్ చల్లన, పత్రా వేడి అనుకుంటాం. పత్రా పగలు ఎంత త్వరగా కాలుతుందో రాత్రి అంత త్వరగా చల్లారుతుంది. మందపు గోడ పగలంతా వేడిని లోపలికి పోనీయకుండా తాగుతుంది, రాత్రంతా మెల్లగా కక్కుతుంది. అందుకే మేం ఎండాకాలం మాళవద్‌లో పడుకోం, పైన పడుకుంటాం. తరతరాలుగా పైన పడుకుంటున్నాం, ఎందుకో ఎవరూ అడగలేదు.

రిమార్కుల్లో నేను రాసినవి ఇట్లా ఉంటాయి. "ఉదయం 8. అమ్మ పత్రా గదిలో గుమ్మం దగ్గర కూర్చుంది, వెలుతురు కోసం." "10. అమ్మ చాట పట్టుకుని రెండు గజాలు లోపలికి జరిగింది." "12. తలుపులు మూసింది. బాపమ్మ తడి గోనెపట్టా కప్పింది, మనుషులకు కాదు, తునికాకుకు." "2. ఇద్దరూ మాళవద్‌లోకి. చీకటి, లైటు వేసుకున్నారు." "4. బాపమ్మ చేసిన బీడీలు 310." ఇంకా వేరేవి కూడా రాశాను. ఎవరూ చదవరనుకుని రాసేవి.

అమ్మా బాపమ్మా బీడీలు చేస్తారు. ఇది చెప్పడానికి మన క్లాసులో ఎవరికీ మొహమాటం ఉండదనుకుంటా, సగం మంది ఇళ్లలో చాట ఉంటుంది. వెయ్యి బీడీలు లెక్క. 2006లో బీడీ చేసే ఆడవాళ్ల కోసం కుంభారిలో 10,000 ఇళ్లు కట్టారు కదా, బాపమ్మ జతగత్తె ఒకామె అక్కడికి పోయింది. అక్క తర్వాత ఆ కాలనీకి కూడా వెళ్లి ఫొటోలు తెచ్చుకుంది.

మే ఆఖర్న అక్క ఇంటికొచ్చింది. పుస్తకం తెరిచి, మొహం పెట్టి, అంకెలు మాత్రం చదవమన్నది. నేను చదువుతుంటే టైపు చేసుకుంది. రిమార్కుల గడి మీద వేలు పెట్టి "ఇదేంటి" అంటే, "ఏం లేదు, ఊరికే" అన్నాను. సరే అని వదిలేసింది.

ఇప్పుడు గాలాపాగోస్. డార్విన్ వెళ్లిన దీవుల పేరు అది. అదేం చేస్తుందంటే, అక్క ఒక కిటికీ పెట్టాలనుకుంటే, కంప్యూటర్ వందల కిటికీలు పెట్టి చూస్తుంది. బాగా గాలి రానివాటిని తీసేస్తుంది. బాగా వచ్చేవాటికి జత కలిపి, పిల్ల కిటికీలను పుట్టిస్తుంది. మళ్లీ వాటిలో మంచివి ఏరుతుంది. అట్లా తరాలు తరాలు. ఆ రాత్రంతా లాప్‌టాప్ ఫ్యాను రొదపెట్టింది. బాపమ్మ పైనుంచి రెండుసార్లు "గా గిర్ణీ బందు పెట్టుండ్రి" అని అరిచింది. పొద్దుటికి గెలిచిన కిటికీ తేలింది. పత్రా గదికి పడమటి గోడలో, నేల నుంచి రెండడుగుల ఎత్తులో, అడ్డంగా పొడుగ్గా, పైన చూరుతో.

అంత కిందికి ఎందుకంటే, అమ్మ కింద కూర్చుంటుంది కాబట్టి. గాలి ఆమె వంటికి తగలాలి. అక్క అది గుర్తుపెట్టుకుని మరీ లెక్కలో వేసింది. చాలా సంతోషంగా చూపించింది. గోడ పగలగొట్టకుండా ఎలా ఉంటుందో చూపిస్తానని పక్కింటి నుంచి టేబుల్ ఫ్యాను తెచ్చి, సరిగ్గా ఆ ఎత్తులో స్టూలు మీద పెట్టి, లెక్కలో వచ్చిన గాలికి దగ్గరగా సన్నగా తిప్పి, స్విచ్ వేసింది.

తమాకు మొత్తం లేచింది. అమ్మ చాటలోది, బాపమ్మ చాటలోది, డబ్బాలోది. బాపమ్మ దగ్గుతూ కళ్లు నలుపుకుంటోంది. అమ్మ ముందు కొంగు ఆకుల మీద కప్పింది, తర్వాత మొహం మీద. నేను ప్లగ్ పీకాను. ఇల్లు కొంచెం కుదురుకున్నాక అమ్మ మెల్లగా అన్నది.

"మేం ఫ్యాను బందు పెట్టుకుని ఎందుకు చేస్తమనుకున్నవ్? గాలికి తమాకు లేస్తది. ఆకు ఎండుతది, ఎండిన ఆకు చుడితే పిట్లుతది. నువ్వు గీ ఇంట్లనే పెరిగినవ్ గదనే."

చివరి మాట అక్కకు తగిలింది. నేను చూశాను. చిన్నప్పుడు అక్క కూడా బడి నుంచి వచ్చి ఆకులు కత్తిరించేది, నాకన్నా వేగంగా. నాలుగేళ్లలో ఎట్లా మర్చిపోయిందో ఆమెకే తెలియలేదు. నేలంతా ఊడ్చి, చాటలో ఎత్తి, జల్లెడ పట్టి ఇచ్చింది. ఆ పూట అన్నం తినలేదు.

రాత్రి పైన పడుకున్నప్పుడు ఈజిప్టు సంగతి చెప్పింది. హసన్ ఫతీ అనే ఆర్కిటెక్ట్ అక్కడ 1940లలో న్యూ గుర్నా అని ఒక ఊరినే మట్టితో కట్టాడట. గుమ్మటాలు, వంపు కప్పులు, లోపల చల్లగా. ప్రపంచమంతా ఆ ఊరి గురించి చదువుతుంది. ఎవరికోసం కట్టాడో వాళ్లు మాత్రం చాలామంది అక్కడికి పోలేదు. వాళ్ల బతుకుతెరువు, వాళ్ల మనసు పాత ఊళ్లోనే ఉన్నాయి. "నేను పరీక్షలో దాని మీద ఆరు పేజీలు రాశాను, మంచి మార్కులు వచ్చాయి" అన్నది అక్క. ఇంకేమీ అనలేదు. నేను నిద్ర వచ్చినట్టు నటించాను. నాకు లోపల కొంచెం బాగుండింది కూడా, ఆమె ఓడిపోయినందుకు. అది కూడా రాసేస్తున్నాను.

ఆగస్టులో ఒక రాత్రి పదకొండింటికి ఫోను. అప్పటికి నేను ఇక్కడ చేరిపోయాను. అక్క గొంతు బొంగురుగా ఉంది. వాళ్ల సార్ డిజైన్ చూసి ఒకే ప్రశ్న అడిగాడట: ఈ గదిలో పగలు ఎవరు, ఎక్కడ, ఏ గంటకు కూర్చుంటారు? అక్క దగ్గర అంకెలున్నాయి, మనుషులు లేరు. "ఆ రిమార్కుల గడి ఉందా? చదువు" అన్నది.

చదివాను. రెండు గంటలు పట్టింది. ఆమె అక్కడ మా ఇంటి ప్లాన్ మీద చుక్కలు పెట్టుకుంటూ పోయింది. ఎనిమిదింటికి అమ్మ ఇక్కడ, పదింటికి ఇక్కడ, రెండింటికి లోపల. చుక్కలన్నీ కలిపితే పొద్దు తిరిగినట్టు అమ్మ ఇల్లంతా తిరుగుతోంది. వెలుతురు కోసం గుమ్మానికి, వేడి పుట్టగానే లోపలికి, చీకటైనా సరే మాళవద్‌కు, సాయంత్రం మళ్లీ బయటికి. ఇంట్లో ఉండే మనిషి రోజుకు ఆరుసార్లు చాట మోసుకుని ఇల్లు మారుతోంది. నేను పది రోజులు పక్కనే కూర్చుని రాశాను, నాకూ తెలియలేదు.

తర్వాత అక్క చేసింది ఏమిటంటే, గాలాపాగోస్‌కు అడిగే ప్రశ్నే మార్చింది. గాలి ఎక్కువ రావాలి అని కాదు. కూర్చున్న మనిషి తల కింద గాలి కదలకూడదు, తల పైన కదలాలి. కిటికీలు పగలు మూసి రాత్రి తెరిచేట్టుండాలి. రాత్రి చల్లగాలి మాళవద్ గోడల వేడిని తీసుకుని పోతే, మర్నాడు గోడ మళ్లీ తాగడానికి సిద్ధంగా ఉంటుంది. మాళవద్ కప్పుకు పాత ఇళ్లలో ఉండేట్టు వెలుతురు కోసం చిన్న కంత, మూత పెట్టేది, అమ్మ లైటు లేకుండా ఆకు చూసుకునేట్టు. పత్రా తీసేసి దాని చోట వంపు కప్పు, మట్టి ఇటుకలతో. ఆ వంపు ఎట్లా వస్తుందో నాకు బాపమ్మ వెండి గొలుసుతో చూపించింది. గొలుసు రెండు కొసలు పట్టుకుని వదులుగా వేలాడదీస్తే ఒక వంపు వస్తుంది కదా, దాన్ని అద్దంలో తలకిందులు చేసి చూడు, అదే గట్టి కప్పు అన్నది. వేలాడేటప్పుడు గొలుసులో ఒట్టి లాగుడే ఉంటుంది, తిరగేస్తే ఒట్టి నొక్కుడే ఉంటుంది, మట్టి ఇటుక నొక్కుడును తట్టుకుంటుంది. ఇంగ్లండులో హుక్ 1675లోనే ఈ సంగతి పట్టుకున్నాడు. స్పెయిన్‌లో గౌడీ దారాలకు సీసం గుండ్ల సంచులు కట్టి వేలాడదీసి చర్చి కప్పు లెక్క చూసుకున్నాడు. కంగారూ ఇప్పుడు అదే పని స్క్రీన్ మీద చేస్తుంది.

నవంబరులో జ్యూరీ అయింది. జ్యూరీ అంటే గోడకు షీట్లు తగిలించి బయటి నుంచి వచ్చిన ఆర్కిటెక్టుల ముందు నిలబడి చెప్పడం. మన గోడపత్రికలాగే, కాకపోతే చదివేవాళ్లు ఎదురుగా నిలబడి తిడతారు. అక్కను తిట్టలేదు, మెచ్చుకున్నారు. ఫొటో పంపింది. నేను జూమ్ చేసి చూశాను. కింద సర్వే అన్నచోట అక్క పేరొక్కటే ఉంది.

ఒక్క నిమిషం ఆగి మళ్లీ చూశాను. షీట్ వెనకాల అంతటా సన్నని బూడిదరంగులో ఏదో రాత ఉంది. నా రాత. నా నోటుబుక్ పేజీని ఫొటో తీసుకుని, పెద్దది చేసి, వెనకాల పరిచింది. అందంగానే ఉంది. అంత పొడుగు గోడ మీద నా అక్షరాలు చీర అంచులాగా. ఎవరికీ అర్థం కాని డిజైన్‌లాగా. చదివితే ఆ పేజీ మే ఆరో తేదీది. మధ్యలో, సరిగ్గా అక్క నిలబడ్డ చోట తల పక్కన, ఈ వాక్యం ఉంది: "మధ్యాహ్నం 12. అక్క ఫీజుకు అమ్మ కమ్మలు తీసుకొని బాపు సరాఫ్ దుకాణానికి పోయాడు. అమ్మ చెవులకు వేపపుల్లలు పెట్టుకుంది."

ఆగస్టు రాత్రి ఫోన్‌లో చదివినప్పుడు ఆ వాక్యం నేను దాటేశాను. కాబట్టి అక్కకు తెలియదు. అక్కడున్నవాళ్లలో ఎవరికీ తెలుగు రాదు. కమ్మల సంగతి పుణెలో గోడ మీద రోజంతా వేలాడింది, ఎవరూ చదవలేదు.

తొమ్మిది రోజులు అక్కతో మాట్లాడలేదు. పేరు పెట్టనందుకా, రాతను ముగ్గులా వాడినందుకా, ఏదని అడిగితే రెండూ. షీట్ మీద విద్యార్థి పేరు తప్ప వేరే పేరు ఉండకూడదని రూలు అని మెసేజ్ పెట్టింది. రూలు నిజమే కావచ్చు. సంక్రాంతికి వచ్చినప్పుడు ఆ ఫొటో తెరిచి, వేలు పెట్టి, ఒక్కో మాట చదివి వినిపించాను. మధ్యాహ్నం. పన్నెండు. అక్క ఫీజుకు. అమ్మ కమ్మలు.

అక్క ఏడవలేదు, తిట్టలేదు. లేచి వెళ్లి అమ్మ చెవుల వైపు చూసింది. కమ్మలు అప్పటికి తిరిగి వచ్చేశాయి లెండి, దీపావళికి ముందే విడిపించారు, అందుకే ఇక్కడ రాస్తున్నాను. రాత్రి నా దగ్గరికొచ్చి, "నాకు అక్షరాలు నేర్పు" అన్నది. నాలుగు రోజులు కూర్చుంది. గుణింతాల దాకా బాగానే వచ్చింది. వత్తుల దగ్గర, ఇన్ని ఎందుకు మీకు అని విసుక్కుని పుస్తకం మూసింది. "మీకు" అన్నది చూడండి. ఇప్పుడు బస్సు బోర్డులు చదవగలదు, వత్తులు లేనివి.

ఇంతకీ మా ఇల్లు ఏమైందని అడుగుతారు. ఏమీ కాలేదు. అక్క డిజైన్ కట్టాలంటే ఎంతవుతుందో బాపు ఒక మేస్త్రీని అడిగాడు. మట్టి ఇటుకల వంపు కప్పు నాకు రాదు, స్లాబ్ అయితే వేస్తానన్నాడు. బాపుకు కూడా స్లాబే కావాలి. అక్క చెప్పేది ఆయనకు తెలియక కాదు. ప్రపంచంలో వెలువడే కార్బన్ డయాక్సైడ్‌లో సుమారు 8 శాతం సిమెంటు నుంచే అని అక్క చెబితే, "అండ్ల మన ఇంటిది ఎంత?" అని అడిగాడు. నాకు ఆ ప్రశ్న తప్పనిపించలేదు. వానాకాలం వస్తే ఎక్కడో ఒక మాళవద్ కూలిందని పేపర్లో చదువుతూనే ఉంటాం. దంతెల మధ్య తేళ్లు. మట్టింటికి లోను ఇవ్వరు. రేపు మా ఇద్దరి సంబంధాలకు వచ్చేవాళ్లు ముందు తల పైకెత్తి కప్పు చూస్తారు. ఇవన్నీ ఏ మిడతకూ తీగ కలిపి చెప్పలేం. అట్లాగని స్లాబ్ వేసిన మా పక్కింటి వాళ్లు మే నెలలో మధ్యాహ్నం మా మాళవద్‌లోకే వచ్చి పడుకుంటారు. ఆ సంగతి బాపుకు నేను చెప్పాను, అక్క కాదు. నేను చెప్పేసరికి కొంచెం ఆలోచించాడు.

చివరికి డబ్బు లేకపోవడం వల్లే మాళవద్ మిగిలింది. ఈ మేలో దానికి తెల్లమట్టి వేయించాలని బాపమ్మ పట్టుబట్టింది. మూడేళ్లుగా వేయలేదు. ట్రాక్టర్ మట్టి వచ్చింది. బాపమ్మ డెబ్బై దాటిన మనిషి, నిచ్చెనెక్కి పైన కూర్చుని, ఎక్కడ ఎంత వేయాలో, నీళ్లు పోయే వాలు ఎటు ఉండాలో చేత్తో చూపించింది. అక్క లెవెల్ చూసే ట్యూబు పట్టుకుని వెనకాలే తిరిగింది. ఒకచోట ఇద్దరికీ వాదన వచ్చింది. ఈశాన్యం మూల వాలు చాలదని బాపమ్మ, సరిపోతుంది కొలిచానని అక్క. అక్క కొలత ప్రకారమే వేశారు.

జూన్‌లో మొదటి వాన రాత్రి పడింది. అక్క అప్పటికే పుణె వెళ్లిపోయింది. మాళవద్ గదిలో ఈశాన్యం మూల, సరిగ్గా నా ట్రంకుపెట్టె పైన, టప్ మని చుక్క పడింది. పెట్టె జరిపి ఫోన్ చేశాను.

"ఏ మూల? నిమిషానికి ఎన్ని చుక్కలు? టైము రాయి" అన్నది.

"నువ్వే వచ్చి రాసుకో" అని పెట్టేశాను.

తర్వాత గిన్నె పెట్టి దాని పక్కనే కూర్చున్నాను. నిమిషానికి పదకొండు. పుస్తకంలో పేజీలు ఇంకా మిగిలే ఉన్నాయి. తేదీ వేసి రాశాను. రిమార్కుల గడిలో, బాపమ్మ పొద్దున్నే మళ్లీ పైకెక్కుతానంటోంది, నిచ్చెన దాచిపెట్టాలి, అని రాశాను.